కొండ చాటు నీళ్ళు

ఆ రేవు అదృష్టమంతా కొండలో ఉంది. సముద్రంలోకి చెయ్యి చాపినట్టు సాగి, గాలినీ అలల్నీ బయటే ఆపేస్తుంది. ఒడ్డు పక్కనే కావలసినంత లోతు. పెద్ద ఓడలు తిరిగే దారి కూతవేటు దూరం. సరుకు దించితే గట్టు మీదే రైలు. ఇన్నాళ్ళూ బొగ్గూ ఎరువులూ కంటైనర్లూ వచ్చాయి. ఈ రోజు మొదటిసారి, రెండువేలమంది విహారయాత్రికులతో తెల్లటి ఓడ వస్తోంది.

వస్తుందా అన్నదే అనుమానం.

"బయట గాలి ఎక్కువగా ఉందంటున్నాడు ఓడ కెప్టెన్. ఇంకాసేపు చూసి పక్క రేవుకి పోతాడట," అంటూ రేవు మేనేజరు కిటికీ తెర తొలగించాడు. "మీరే చూడండి పైలట్‌గారూ, ఏదీ గాలి? నీళ్ళు అద్దంలా ఉంటేనూ!"

పైలట్ చూశాడు. అద్దంలాగే ఉన్నాయి. సముద్రం ఎలా ఉందో రేవు నీళ్ళని చూసి చెప్పేయడం ఆ ఊళ్ళో అందరికీ అలవాటు. ఓడలకి ఎదురెళ్ళి లోపలికి నడిపించుకురావడమే తన పని గనక, అతనికైనా అనుమానం రావాల్సింది.

"వెళ్ళొస్తాను," అన్నాడు.

మెట్ల దగ్గర బోటు సిద్ధంగా ఉంది. చుక్కాని దగ్గర డ్రైవరు. ముందు భాగంలో తాళ్ళు సర్దుతూ బావ, అంటే అక్క మొగుడు. పైలట్ ఓడ ఎక్కేటప్పుడు కింద తాడునిచ్చెన బిగించి పట్టుకోవడం ఆయన పని.

"ఏమోయ్, పెళ్ళికూతుర్ని తీసుకురావడానికి వెళ్తూ మొహం అలా వేలాడేశావేంటి?"

"లైఫ్ జాకెట్ ఏది బావా?"

"లోపలుందిలే. ఉక్క చంపేస్తోంది. ఈ చెరువులో మునగాలంటే ముందు నేను పడుకోవాలి."

"అక్కకి చెప్తాను."

"చెప్పుకో. గట్టు మీదే ఉందిగా, దిగే దొరలకి దారి చూపించే డ్యూటీ. పొద్దున్నించీ అద్దం ముందు ఒకటే నవ్వులు! నన్ను చూసి ఎప్పుడైనా అలా నవ్విందా?"

పైలట్‌కి నవ్వొచ్చింది. జాకెట్ మాట అక్కడితో పోయింది.

కొండ కొస దాటగానే గాలి ఈడ్చి కొట్టింది. బోటు ముక్కు పైకి లేచి దబ్బున పడింది. బావ మాటలు ఆగిపోయాయి. ఎదురుగా తెల్లటి గోడలా ఓడ.

"వెనక్కి పోదామా సార్?" డ్రైవరు అరిచాడు.

పైలట్‌ని ఎక్కించుకోవడానికి ఓడ వేగం తగ్గించింది. గాలి దాన్ని కొండ కింది రాళ్ళవైపు నెడుతోంది.

"ఎక్కరా!" బావ రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాడు.

పైలట్ దూకి మెట్టు అందుకున్నాడు. ఇంకో మెట్టు ఎక్కాడో లేదో, కింద అల బోటుని ఎత్తి విసిరేసింది. తిరిగి చూస్తే బోటులో డ్రైవరు ఒక్కడే.

"బావా!"

నురగలో ఒకసారి చెయ్యి కనిపించింది. అంతే. పైనుంచి నావికులు పైలట్‌ని ఓడలోకి లాగేసుకున్నారు.

"మీ మనిషి వెనకపడిపోయాడు," అన్నాడు కెప్టెన్. "ఓడ ఆపమంటారా?"

ఆపితే రాళ్ళు. కదిలితే, ఓడ అడ్డుగా ఉండబట్టి బోటుకి దక్కుతున్న కాస్త చాటూ పోతుంది. ఆ గాలిలో డ్రైవరు ఒక్కడే వెతకాలి.

"ఎడమకి తిప్పండి," అన్నాడు పైలట్. "వేగం పెంచండి."

బావని వెతకడానికి, ఓడల్ని లాగే టగ్గుని పంపమని రేడియోలో రేవుకి చెప్పాడు. కొండ మలుపులో ఆ టగ్గు ఎదురై, దాటి వెళ్ళిపోయింది.

లోపలికి రాగానే గాలి లేదు. యాత్రికులు రెయిలింగుల దగ్గర చేరి చేతులు ఊపుతున్నారు. తాళ్ళు కడుతుండగా రేడియో గరగరలాడింది.

"దొరికాడు సార్." టగ్గులోంచి ఎవరో. "ప్రాణం లేదు."

వెంటనే మేనేజరు గొంతు. "పైలట్‌గారూ, మీ అక్కగారికి ఇప్పుడే చెప్పకండి. జనాన్ని దిగనివ్వండి. మొదటి ఓడ కదా."

పైలట్ రేడియో కట్టేసి అందరికన్నా ముందు దిగాడు.

"ఎంత ఓడని తెచ్చావురా!" అంది అక్క, మొహమంతా నవ్వుతో. "మీ బావేడీ?"

"ఇంటికి పద అక్కా."

"డ్యూటీలో ఉన్నాన్రా, పిచ్చా?"

"ఓడ ఆపమంటారా అని కెప్టెన్ అడిగాడు. నేనే వద్దన్నాను."

వెనక ఎవరో బజారుకి దారి అడిగారు. అక్క కుడివైపు చెయ్యి చూపించింది. ఆ చెయ్యి అలా ఉండగానే తమ్ముడి మొహంలోకి చూసింది.

"ఆపాల్సినంత ఏం జరిగింది?" అంది.