బావను వదలని స్టర్జన్స్

మా బావ యూజీన్ పియెట్రోవ్‌స్కీ తలుపుకు భుజం తగిలితే ఆ తలుపుకు కూడా క్షమాపణ చెప్పే మనిషి. టోలెడోలో స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. అలాంటివాణ్ణి స్టేడియం నుంచి మెడబట్టి గెంటించడానికి నేనే తోడు వెళ్లాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

తప్పంతా సంతోషంలో జరిగింది. ఊరి పక్క సరస్సులోని పెద్ద చేప పేరు పెట్టుకున్న మా ఫుట్‌బాల్ జట్టు స్టర్జన్స్ ఒక ఏడాది ఫైనల్ దాకా వెళ్లింది. ఊరు ఊరంతా వీధుల్లో గంతులేస్తుంటే, స్టేడియం గేటు దగ్గర బల్లలు వేసుకుని కూర్చున్నవాళ్లు పదేళ్ల సీజన్ టికెట్లకు ఒప్పందాలు రాయించుకున్నారు. బావ, మా అక్క లొరెటా, నేను, ముగ్గురం పక్కపక్క సీట్లకు సంతకాలు గీకేశాం. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏముందో చదివే ఓపిక ఆ రోజు ఎవరికుంది?

ఆ తర్వాత మావాళ్లు గెలవడం మానేశారు. మా సీట్లేమో ఆకాశానికి దగ్గర. సరస్సు మీది చలిగాలి కోటు గుండీల సందుల్లోంచి దూరి ఎముకల్ని పలకరించేది. బావకు మోకాళ్లు అరిగాయి. మెట్లెక్కి సీటు చేరేసరికి మావాళ్లు అప్పటికే ఓడిపోతూ ఉండేవారు.

చివరికి బావ టికెట్ల ఆఫీసుకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమంది అక్క.

"మీ అభిమానానికి మేం ఎంతో రుణపడి ఉన్నామండీ!" అందొక అమ్మాయి కిలకిలలాడుతూ.

"సారీ అమ్మా, ఆ అభిమానమే కాస్త తగ్గింది. మమ్మల్ని వదిలేస్తారా?"

"అయ్యో, మధ్యలో వదలడం కుదరదండీ. మరణం సంభవిస్తే తప్ప."

"ఎవరి మరణం?" అన్నాను నేను అడ్డొచ్చి. "జట్టుదైతే ఎప్పుడో అయిపోయింది."

ఆ అమ్మాయి నవ్వాపుకోవడానికి దగ్గింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకో దారుందండీ. స్టేడియంలో అల్లరి చేసేవాళ్ల ఒప్పందం యాజమాన్యమే రద్దు చెయ్యొచ్చు. నేను చెప్పానని మాత్రం అనకండి," అని ఫోన్ పెట్టేసింది.

అక్క బావ వంక ఎగాదిగా చూసింది. "ఈయనా? అల్లరా? మన పిల్లి కూడా ఈయనకు భయపడదు."

బావకు పౌరుషం వచ్చింది. ఆ వారమంతా గరాజ్‌లో తలుపేసుకుని బూతులు సాధన చేశాడు. ఒక్కో బూతు తర్వాత "ఛ, ఛ" అనుకోవడం వంటింట్లోకి వినిపించేది.

ఆదివారం వచ్చింది. రిఫరీ ఈల వెయ్యగానే బావ లేచి నిలబడి, "ఒరేయ్ గుడ్డి..." అని మొదలుపెట్టాడు. ఇంతలో పెద్ద తెర మీద అప్పుడు జరిగిందే మళ్లీ చూపించారు. "అయినా రిఫరీ చెప్పింది కరెక్టేలే," అని కూర్చున్నాడు.

"ఇలా అయితే పదేళ్లూ నిండుతాయి బావా," అన్నాను. "కిందికి దిగు. మైదానంలో పరిగెత్తు."

దిగడానికే చాలాసేపు పట్టింది. అడ్డుగోడ దగ్గర కాపలా ఉన్న ఒడెల్ మాకు బాగా తెలిసినవాడు. బావ గోడ మీద ఒక కాలు వేసి, రెండోది పైకి రాక వేలాడుతుంటే పరుగున వచ్చాడు.

"ఏమైంది పెద్దాయనా? ఏమన్నా పడిపోయిందా అటు?"

"టోపీ," అన్నాడు బావ. పాపం, నోటికొచ్చిన మొదటి అబద్ధం.

ఒడెల్ నడుం పట్టి జాగ్రత్తగా అవతలికి దించాడు. దిగాక బావ పరుగందుకున్నాడు. పరుగనకూడదు గానీ, ఆ మోకాళ్లకు అది పరుగే. జట్టు తరఫున చేప వేషం వేసుకుని చిందులేసే కుర్రాడు వెంటపడి, తన తోక తానే తొక్కుకుని బోర్లా పడ్డాడు. బావ ఆగాడు. వెనక్కొచ్చి, "దెబ్బ తగిలిందా నాయనా?" అంటూ లేవదీసి, మొప్పలకంటిన గడ్డి దులిపాడు. స్టేడియం హోరెత్తిపోయింది. ఆ ఏడాది జనం అంత ఆనందంగా అరవడం అదే మొదలు.

గెంటివేత మాట అటుంచి, మర్నాడు యాజమాన్యం బావను 'స్టర్జన్స్ మంచి మనసు' అని ప్రకటించింది. బావ చేపను లేవదీస్తున్న బొమ్మ హైవే పక్కన ఇల్లంత సైజులో వేలాడదీశారు. బావ సోఫాలో తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఇక లాభం లేదు, చస్తేగానీ వదలరు," అన్నాడు.

"నోర్ముయ్యి," అంది అక్క. నా వైపు తిరిగి, "నడవరా నార్బర్ట్, కారు తియ్యి," అంది.

స్టేడియం ఆఫీసులో మేనేజరు మాకు కాఫీలిచ్చాడు. అక్క తాపీగా తాగి చెప్పింది: "మంగళవారం టీవీవాళ్లు మా ఇంటికొస్తున్నారండీ. మైదానంలోకి ఎందుకు దూకారని అడుగుతారట. మా ఆయనకు అబద్ధమాడటం రాదు. ఒకటే ఆడాడు, అదీ టోపీ నెత్తిన పెట్టుకుని."

మేనేజరు ముఖంలో రంగులు మారాయి. "ఇంతకీ ఎందుకు దూకారు?"

"మీ నుంచి తప్పించుకోడానికి."

ఆ సాయంత్రానికే రద్దు కాగితాలు తయారయ్యాయి. టీవీవాళ్లకు బావ, అటు ఏముందో చూద్దామని దూకానంటూ తన రెండో అబద్ధం చెప్పాడు. అది నిజమే అనుకున్నారు.

తర్వాతి ఆదివారం పొయ్యి మీద సాసేజీలు పెట్టుకుని, కాళ్లు చాపుకుని నేనూ బావా టీవీ ముందు చేరాం. వెచ్చగా, హాయిగా ఉంది. అక్క మాత్రం ఎక్కడా లేదు.

"చర్చికి వెళ్లిందేమో," అన్నాడు బావ.

అప్పుడే కెమెరా పై వరుసల మీదికి తిరిగింది. మా సీట్ల దగ్గర లొరెటా! ఎడమ సీట్లో కోటు, కుడి సీట్లో తినుబండారాలు, మధ్యలో తను రాణిలా. బావ వెంటనే ఫోన్ కొట్టాడు.

"నీది రద్దు చేయించుకోలేదా?"

"నాదెందుకు? మీ ఇద్దరివే చేయించా," అంది అక్క. వెనక జనం గోల. "ఇన్నేళ్లూ అటు నీ మూలుగు, ఇటు వాడి గొణుగుడు. ఇవాళే మొదటిసారి ఆట కనిపిస్తోంది. ఫోన్ పెట్టెయ్, మనవాళ్లు గోల్ గీత దగ్గరకొచ్చేశారు!"

ఆ రోజు స్టర్జన్స్ గెలిచారు. బావ మోకాళ్ల సంగతి మరిచి సోఫా మీంచి ఎగిరాడు. తర్వాత నా వైపు తిరిగి, చాలా మర్యాదగా అడిగాడు:

"ఒరేయ్ నార్బర్ట్, వచ్చే వారానికి గేటు దగ్గర టికెట్లేమన్నా దొరుకుతాయంటావా?"