ఏడో బల్ల మీది కోడిపిండం

ఏడో బల్ల మీద కోడిపిండం ఉంటుందని ఆ జీవశాస్త్ర విభాగంలో గోడలక్కూడా తెలుసు. ఏళ్ల తరబడి అదే బల్ల, అదే స్లైడు. ఎమ్మెస్సీ ప్రాక్టికల్ పరీక్షంటే హాలు చుట్టూ బల్లలు, బల్లకో మైక్రోస్కోపు. గంట కొట్టగానే కంటికి కనిపించింది రాయాలి, మళ్ళీ గంట కొడితే పక్క బల్లకు జరగాలి. కానీ ఎక్కడేముందో సీనియర్లు వరండాలోనే అప్పజెప్పేస్తారు. ఇక కళ్లతో పనేముంది, చెవులుంటే చాలు! మైక్రోస్కోపు మీదికి కాసేపు వంగడం ఉత్త మర్యాద కోసమే.

మన లాయరమ్మకూ ఆ వరసంతా నోటికి వచ్చు. నోరు తెరిస్తే వాదనే కాబట్టి క్లాసువాళ్లు పెట్టిన పేరది. ఆ రోజు ఏడో బల్ల దగ్గరికి వచ్చేసరికి ముందున్నవాళ్లంతా టకటకా రాసేసి వెళ్లిపోయారు. ఈ పిల్ల మాత్రం కన్ను ఆనించి నిజంగానే చూసింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

కనిపించింది కోడిపిండం కాదు. చక్కటి గుండ్రం, మందపాటి నల్లటి అంచు, లోపలంతా ఖాళీ. గాలిబుడగ! మైక్రోస్కోపు ముట్టుకున్న మొదటి వారంలోనే "దీన్ని చూసి ఏదో జీవి అనుకోకండర్రా" అని చెప్పే గాలిబుడగ. స్లైడును కదపకూడదని నియమం. ఫోకస్ అటూ ఇటూ తిప్పి చూసింది. బుడగ బుడగలాగే ఉంది.

కోడిపిండం అని రాస్తే మార్కులు చేతికొస్తాయి. ఆ సంగతి తనకు తెలియక కాదు. కానీ ఒళ్లు మండిపోయింది. రెండేళ్లుగా కళ్లు ఎర్రబడేదాకా చూస్తూ, గీస్తూ నేర్చుకున్నది, చివరికి చూడకుండా రాయడానికా? కలం గట్టిగా నొక్కి రాసింది: "గాలిబుడగ. ఇక్కడ పిండమేదీ లేదు." పక్కన బొమ్మ కూడా గీసింది.

వారం తిరక్కుండానే పేపర్లు దిద్దిన మేడం నుంచి కబురొచ్చింది.

"ఏంటమ్మా ఇది?" అంది మేడం, తిట్టలేక తిట్టినట్టు. "ఏడో బల్లకి సున్నా. అదొక్కటి వచ్చుంటే గట్టెక్కేదానివి. ఇప్పుడు ఫెయిలు. ప్రాజెక్టు మొదలెట్టనివ్వరు, ఏడాది పోతుంది. ఎందుకొచ్చిన తంటా చెప్పు? ఇక్కడే కూర్చుని మళ్ళీ రాసిచ్చెయ్. పెద్దసారుని నేను ఒప్పించాను."

"స్లైడు మళ్ళీ చూపిస్తారా మేడం?"

"చూసేదేముంది? కోడిపిండం అని రాయి."

"అయితే రాయను."

మేడం తల పట్టుకుంది.

ఇంట్లో బావకు చెబితే ఆయన పడీపడీ నవ్వాడు. లాయరమ్మ చదువుకోసం అక్కాబావల ఇంట్లోనే ఉంటోంది. "కోడైతే నీకేంటి, కాకైతే నీకేంటి మరదలా? అడిగింది రాసేసి బయటపడక!" అన్నాడు.

"రేపు డాక్టరు నిన్ను చూడకుండానే మందు రాసిస్తే ఊరుకుంటావా బావా?"

అక్క మాత్రం వంటింట్లోంచే అంది, "ఏడాది పోతే పోతుందిలే. అది తలొంచుకుని తిరిగితే నేను చూళ్లేను." ఆ మాటతో లాయరమ్మకు ఏడుపొచ్చింది. ఏడాది పోవడం అంత తేలికేం కాదు. భయంగానే ఉంది. భయమేసినంత మాత్రాన అబద్ధం రాస్తామా ఏంటి?

మర్నాడు పెద్దసారే పిలిపించాడు. ఆయన విభాగానికి అధిపతి. ఆ కోడిపిండం స్లైడు ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు సొంత చేతులతో చేసింది. ఎవరు వచ్చినా దాని గురించి చెప్పకుండా వదలడు. చెప్పడమే తప్ప, దాన్ని చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

"క్లాసంతా రైటు రాసింది, నువ్వొక్కదానివే తప్పు రాశావు. లోపం ఎక్కడుందంటావు?"

"ఆ క్లాసంతట్లో ఉంది సార్. ఎవరూ చూడలేదు."

తలుపు దగ్గర నిలబడ్డ మేడం వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"నువ్వు పుట్టక ముందు చేశానమ్మా ఆ స్లైడు!"

"అందుకే సార్ ఎండిపోయింది. లోపలికి గాలి చేరింది. ఒక్కసారి చూడండి."

"నేను చూడాలా? నాకు పరీక్ష పెడుతున్నావా?"

"మీరు చేసిందే కదా సార్. చూడ్డానికి భయమెందుకు?"

అయిపోయింది! మేడం కళ్లు మూసుకుంది. పెద్దసారు కుర్చీ వెనక్కి తోసి ఒంటికాలి మీద లేచాడు. ల్యాబుకు ఆయన ముందు, వీళ్లిద్దరూ వెనక. ఏడో బల్ల మీద స్లైడు అలాగే ఉంది. కళ్లజోడు తీసి వంగాడు. ఫోకస్ తిప్పాడు. స్లైడును ఆ మూల నుంచి ఈ మూల దాకా జరిపాడు. ఒక అంచున ముక్కలైన ఎండు పొర, మిగతాదంతా బుడగ. వంగినవాడు ఎంతకీ లేవలేదు.

లేచాక మొహంలో కోపం లేదు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు. లాయరమ్మకు ఆ క్షణంలో జాలేసింది. అయినా మాట మార్చలేదు.

మేడమే నోరు విప్పింది. "సార్, ఈ అమ్మాయిది రైటైతే మిగతా అందరివీ సున్నాలు చేయాలి. సగం మంది పోతారు."

"వద్దు మేడం," అంది లాయరమ్మ. "ఏడో బల్ల ఒక్కటీ అందరికీ మళ్ళీ పెట్టండి. ఏముందో ముందే తెలియకుండా పెట్టండి. నాక్కూడా."

పెద్దసారు ఆమెనే చూస్తూ తలూపాడు. "నీక్కూడా. ఇందులో పోతే మాత్రం ఏడాది పోయినట్టే. మళ్ళీ నా దగ్గరికి రాకు."

"రాను సార్."

ఆ వార్త తెలిసి క్లాసంతా ఆమె మీద పడింది. పక్క సీటులో కూర్చునే పొట్టిది, ప్రాణస్నేహితురాలు, "అందరి కొంపా ముంచావు కదే!" అని మొహం తిప్పుకుంది. లాయరమ్మ ఒంటరిగానే తిని, ఒంటరిగానే చదువుకుంది.

పరీక్ష రోజు ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. మొదట వెళ్లొచ్చినవాడు వరండాలో పక్కవాడి చెవిలో ఊదాడు, "కప్పపిండం." అంతే, ఆ మాట క్షణాల్లో వరసంతా పాకింది. బుద్ధొచ్చిందనుకున్నారా? పొట్టిది బయటికొస్తూ, ఎంతైనా స్నేహితురాలు కదా, చెవిలో గొణిగింది, "కప్పేనటే. ఈసారైనా రాసెయ్, తల్లీ."

లాయరమ్మ లోపలికి వెళ్లింది. మైక్రోస్కోపు పక్కనే పెద్దసారు కూర్చుని ఉన్నాడు. కన్ను ఆనించింది. అది ఏంటో తెలియలేదు. పొడుగ్గా ఒక కణాల వరస, ఒక కొనన రెండు పాయలు. చదివిన పిండాలన్నీ గుర్తు చేసుకుంది. ఒక్కటీ కలవలేదు. కప్ప అయితే అసలే కాదు. చూసింది చూసినట్టు గీసింది. కింద రాసింది: "ఇది ఏంటో నాకు తెలీదు."

పెద్దసారు ఆ కాగితం తీసుకున్నాడు. "ఇదే చూసి అందరూ కప్పపిండం అని రాసి పోయారు. బయట నీకు చెప్పలేదా?"

"చెప్పారు సార్. నాకు కప్ప కనిపించలేదు."

"తెలీదని రాస్తే పోతావని భయం లేదా?"

"బోలెడు ఉంది సార్. అయినా తెలీనిది తెలీదనే రాస్తా."

ఆయన బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "పాయలు రెండే గీశావు. మూడోదేది?"

ఆమె మళ్ళీ వంగింది. ఓపిగ్గా, కొనదాకా చూసింది. తలెత్తి ఆయన కళ్లలోకి చూసింది. "మూడోది లేదు సార్."

"కుడి పక్కన, చిన్నది."

"లేదు సార్. మీరే చూడండి."

"చూశాను," అన్నాడు పెద్దసారు. "నిన్నంతా అదే పని. పాత బీరువాలో దొరికింది, పేరు చీటీ ఊడిపోయి. ఇదేంటో నాకూ తెలీదు. మూడో పాయ మాత్రం లేదు."

ఎర్ర కలం తీసి ఆమె కాగితం మీద నిండు మార్కులు వేశాడు. తర్వాత మైక్రోస్కోపును ఆమె వైపుకు జరిపాడు.

"నీ ప్రాజెక్టు ఇదే. ఇదేంటో కనిపెట్టు."