తువ్వాలు కొస

నేను కడుపులో ఉండగానే మాట్లాడాను. మంత్రసాని గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, "కాళ్ళు కడుక్కుని రా" అని లోపల్నుంచే గదమాయించానట. కాబట్టి పిల్లలకు మాటలెలా వస్తాయో నా అంత తెలిసినవాడు ఈ వీధిలో లేడు. ఆ ధీమాతోనే పైవాటాలో ఉండే అమ్మాయి కథ చెబుతున్నాను. వాళ్ళ స్నానాలగది గొట్టం మా వంటింటి గోడ వెంటే కిందికి దిగుతుంది. ఈ కథ సగం ఆ గొట్టం చెప్పింది, సగం మెట్లమీద కూర్చుని ఆ అమ్మాయే చెప్పింది.

ఆమె పుట్టింటి భాష వేరు, అత్తింటి భాష వేరు. ఆసుపత్రిలో రోగులకు చీటీలు రాసే కౌంటర్ దగ్గర ఉద్యోగం. రెండు భాషలూ వచ్చని ఏరికోరి తీసుకున్నారు. అక్కడ జీతం తెచ్చిపెట్టిన భాషే ఇంట్లో నేరమైంది. కూతురికి మూడో ఏడు నడుస్తున్నా మాటలు అంతంతమాత్రం. పక్కింటి పిల్ల పాటలు పాడి అందరి మెప్పూ కొట్టేస్తుంటే, ఈ పిల్ల దాహమైతే గ్లాసు వైపు చెయ్యి చూపిస్తుంది.

"చిన్న బుర్ర. అందులో రెండు భాషలు కుక్కితే తికమక పడదూ? ఇవాళ్టినుంచి నీ భాష గడప బయట పెట్టు," అన్నాడు భర్త, కంచంలోంచి తలెత్తకుండా.

"మా వాడు ఏడాదికే గలగలా మాట్లాడాడమ్మా. నేను ఒక్క భాషే నేర్పాను మరి," అంది అత్తగారు. ఆవిడకు వచ్చింది ఆ ఒక్కటేనని ఎవరూ గుర్తుచెయ్యలేదు.

ఎదురు చెప్పవచ్చు. కానీ భయం ఆమె నోటికంటే ముందే లేచింది. నిజమేనేమో, ముద్దుచేస్తూ చేస్తూ నా చేతులతో నేనే నా పిల్ల నోరు కట్టేశానేమో, రేపు బడిలో ఏడుపు తప్ప ఇంకేమీ రాని పిల్లగా ఓ మూల నిలబడుతుందేమో అనుకుంది. అందరికంటే ముందు లేచి వంట చేసి, డబ్బాలు సర్ది, భర్త చొక్కా ఇస్త్రీ చేసి, అత్తగారి మాత్రలు విప్పి గిన్నెలో పెట్టాక, ఆ ఇంట్లో ఆమెకంటూ మిగిలేది పిల్ల స్నానం ఒక్కటే. అక్కడే మాటలన్నీ ఉండేవి. అత్తింటి భాషలో ఆమెకు "వరుసలో రండి", "చీటీ పోగొట్టుకోకండి" గడగడా వచ్చు. "నా చిట్టిముక్కు ఎక్కడ దాక్కుంది" అనాలంటే మాత్రం నోరు తిరగదు. పుట్టింటి మాట ఎక్కడ జారిపోతుందోనని తువ్వాలు కొస పళ్ళమధ్య బిగించి నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టింది. అంతవరకూ గొట్టంలోంచి నీళ్ళతోపాటు ముద్దుమాటలు కూడా మా వంటింట్లోకి దిగేవి. ఆ తర్వాత వట్టి నీళ్ళే.

పిల్ల ఉన్న మాటలు కూడా తగ్గించేసరికి అందరూ కలిసి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

"ఏమేం మాటలు అంటుంది?" అని అడిగింది డాక్టరమ్మ. అత్తగారు ఒక చేతివేళ్ళతోనే లెక్క ముగించింది.

"నాతో మా భాషలో ఇంకా చాలా అనేది," అంది ఆమె మెల్లగా.

"మరి అవెందుకు కలపలేదు? ఏ భాషలో అన్నా మాట మాటే కదమ్మా. వినికిడి బాగుంది. రెండు భాషలవల్ల పిల్లల మాట ఆగిపోదు. ఎందుకైనా మంచిది, అప్పుడప్పుడూ తెచ్చి చూపించండి. అయితే, 'అనేది' అన్నారేం? మీరు మాట్లాడటం మానేశారా?"

ఆమె భర్త వైపు చూసింది. భర్త గడియారం వైపు చూశాడు.

"ఆవిడకేం, చెప్పేసి పోతుంది. నలుగురిలో తల దించుకునేది నేను," అన్నాడు దారిలో. "నువ్వు మాత్రం నోరు మూసుకునే ఉండు."

మర్నాడు పొద్దున వేన్నీళ్ళలో చన్నీళ్ళు తొరిపి ఆమె వెనక్కి తిరిగి చూసింది. పిల్ల పీటమీద బుద్ధిగా కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకుండానే తువ్వాలు కొస తన నోట్లో కుక్కుకుని, పళ్ళు బిగించి, నీళ్ళకోసం తల వంచింది.

అమ్మ దగ్గర నేర్చుకున్నది ఇది. దీనికి ఏ భాషా అక్కర్లేదు.

ఆమె ఆ కొస లాగేసింది. ముక్కు, చెవి, మోకాలు, అన్నిటినీ పుట్టింటి భాషలో పేరుపెట్టి పిలిచింది. మొదట గుసగుసగా, తర్వాత గొంతెత్తి. "మళ్ళీ మొదలెట్టావా?" అని వాళ్ళ వంటింట్లోంచి అత్తగారి కేక వచ్చింది. ఆమె ఆపలేదు. పిల్ల మాట్లాడలేదు. తడివేలు తల్లి పెదవుల మీద పెట్టి, మాట వచ్చే చోటు తడిమి చూసింది. భర్త వచ్చి తలుపవతల నిలబడి, చడీచప్పుడూ లేకుండా చివరిదాకా విన్నాడు.

ఇక నా గొప్పల సంగతి. నాకు నాలుగో ఏడు వచ్చేదాకా మాటే రాలేదట. తీరా వచ్చాక అన్నది కూడా మేకని అదిలించే అరుపేనట. అది పోనివ్వండి. ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే, ఆ భర్త తలుపవతల నిలబడి వినడం. అతను టీవీ శబ్దం పెంచాడు. అది మా ఇంటిదాకా వినిపించింది.

ఆమె గొంతు పెంచింది. అదీ వినిపించింది.