మేస్త్రి తిండి లెక్క

టెలేసియా నాయనమ్మ వానలో జారిపడిన రోజు నుంచీ ఇంట్లో ఒకటే మాట. ఇంటి వెనక అరుగుకు ఆనించి ఒక గది వెయ్యాలి. స్నానానికీ మరుగుదొడ్డికీ అందులోనే చోటుండాలి. ముసలామె ఇక బురదలో సీమపనస చెట్టు దాటి దొడ్డికి పోకూడదు.

గది కట్టించడం కంటే మేస్త్రిని పిలవడమే పెద్ద పని. సవాయి దీవిలో మేస్త్రిని ఇంటికి పిలిచి ఆకులు పరిచి వడ్డించాక వెనక్కి తగ్గడం ఉండదు. పని పూర్తయ్యేదాకా ఆయన తిండి ఇంటివాళ్లదే. మనసు నొచ్చుకుని మధ్యలో లేచిపోయాడంటే ఆ పనిని మరో మేస్త్రి ముట్టుకోడు. రోడ్డు మలుపులో ఫెటూ వాళ్ల ఇల్లు అలాగే పైకప్పు లేకుండా నిలబడిపోయింది. కిటికీల్లోంచి గుమ్మడి తీగలు బయటికొచ్చాయి. బస్సు ఆ ఇంటిముందు నుంచి పోయేటప్పుడు ఫెటూ భార్య తల తిప్పుకుని కూర్చుంటుంది.

అందుకే టెలేసియా తండ్రి మలాకాయి కూతురిని ముందే లెక్క కట్టమన్నాడు.

"కోకో అమ్మిన డబ్బు ఎనిమిది వేల తాలాలుంది. అంతకు మించితే మేస్త్రి గుమ్మం తొక్కను. మీ నాయనమ్మకు ఇంకో ఏడాది గొడుగు పడతాను" అన్నాడు.

టెలేసియా తాడు పట్టుకుని నేల కొలిచింది. బస్సెక్కి సలెలొలొగా పట్నానికి వెళ్లి దుకాణంలో సిమెంటు ధర అడిగింది. "గట్టిగా చెప్పు తల్లీ, చీమతో మాట్లాడుతున్నావా?" అన్నాడు దుకాణదారు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా రేకులు, కలప, గొట్టాలు, మేకులు అన్నీ అడిగి రాసుకుంది. ఏ ఖర్చూ వదలకూడదని బడిలో టీచరు చెప్పారు కాబట్టి చివర మేస్త్రికీ ఆయన మనుషులకూ కూలితో పాటు అయ్యే తిండి ఖర్చు కూడా వేసింది. పొద్దున రొట్టె, కోకో. మధ్యాహ్నం చేమదుంపలు, కోడికూర. సాయంత్రం బన్ను.

మొత్తం ఎనిమిది వేలు దాటిపోయింది.

"ఏమే, సరిపోయిందా?" అని చాప మీంచి నాయనమ్మ అడిగింది. ఆమె మోకాలు ఇంకా వాచే ఉంది.

"సరిపోతుంది నాయనమ్మా."

సిమెంటు తగ్గిస్తే గోడ నిలవదు. రేకులు తగ్గిస్తే కురుస్తుంది. టెలేసియా పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి బన్ను మీద గీత కొట్టి పక్కన అక్కర్లేదని పెట్టింది. రోజూ అనుకున్న కోడికూరను వారానికి రెండు రోజులు చేసింది. మిగిలిన రోజులకు డబ్బా చేప అని రాసింది. లెక్క ఎనిమిది వేల లోపుకి దిగింది. మలాకాయి అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూసి కూతురి తల నిమిరాడు.

శనివారం సొలొమోనా మేస్త్రి వచ్చాడు. పక్క ఊరివాడు, పెద్ద చేతులవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. అమ్మ చిన్న పందిని కాల్చింది, కొబ్బరిపాలలో చేమాకులు ఉడికించింది. మేస్త్రి తింటుంటే టెలేసియా పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది.

"రేకులు ఎన్ని పడతాయనుకున్నారు?" అని ఆయన అడిగాడు.

"నేననుకోవడమేంటి మేస్త్రిగారూ, మా పిల్ల కట్టింది లెక్క" అని మలాకాయి చూరులోంచి కాగితం తీశాడు. గొంతు సవరించుకుని, చర్చిలో చదివినట్టు చదివాడు. రేకులు, సిమెంటు, కలప.

"బాగుంది. మా కుర్రాళ్లు కట్టినా ఇంతే వస్తుంది" అన్నాడు సొలొమోనా.

ఆ మెప్పుతో మలాకాయి కాగితం తిప్పాడు. తిండి లెక్క అటువైపే ఉంది. పెద్దలు మాట్లాడుకుంటుంటే పిల్లలు నోరు తెరవకూడదు. విసనకర్ర కాస్త గట్టిగా విసిరింది. తండ్రి చూడలేదు. అర్థమయ్యే లోపే ఆయన నోరు చదివేసింది.

"మేస్త్రికి కోడికూర, వారానికి రెండు రోజులు. తక్కిన రోజులు డబ్బా చేప. సాయంత్రం బన్ను అక్కర్లేదు."

విసనకర్ర ఆగింది. మాంసం మీద ఈగ వాలింది. సొలొమోనా సగం తిన్న ఆకును ముందుకు జరిపి గిన్నెలో చేతులు కడుక్కున్నాడు.

"కడుపు నిండింది. సోమవారం వస్తాను" అన్నాడు.

ఆయన వెళ్లాక ఇంట్లో ఎవరూ టెలేసియాను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నా చేతివంటకు ధర కట్టావా తల్లీ" అని అమ్మ ఒక్క మాట అని ఆకులు ఎత్తింది.

సోమవారం మేస్త్రి అన్న మాట ప్రకారం వచ్చాడు. కానీ ఆయన చేతిలో ఒక మూట ఉంది. పునాది శ్రద్ధగానే తవ్వాడు. మధ్యాహ్నం అమ్మ పళ్లెం తెస్తే తల ఊపాడు.

"తెచ్చుకున్నానమ్మా. మీ లెక్క చెడగొట్టడం ఎందుకు?"

రోడ్డుకు ఎదురుగా రాయి మీద కూర్చుని మూట విప్పాడు. అందులో ఆయన ఇంట్లో కాల్చిన సీమపనసకాయ. ఆయన మనుషులూ అదే తిన్నారు. మేస్త్రి పనిచేసే ఇంట్లో తినకుండా సొంత తిండి తినడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. బస్సు డ్రైవరు వేగం తగ్గించి మరీ చూశాడు. "ఏం మలాకాయీ, మీ పొయ్యి ఆరిపోయిందా?" అని కిటికీలోంచి ఎవరో అడిగారు. వాళ్ల ఇంటికి స్తంభాలే తప్ప గోడలు లేవు. దాక్కుందామన్నా టెలేసియాకు చోటు లేదు.

మర్నాడూ అదే మూట. నాయనమ్మ చాప మీద అటు తిరిగి పడుకుంది. "నా కాలు విరిగి మంచంలో ఉన్నా ఇంత చిన్నతనం ఉండేది కాదు" అంది పెరటి వైపు చూస్తూ.

బుధవారం టెలేసియా అమ్మ చేతిలోంచి పళ్లెం తీసుకుంది. ఎండలో నడిచి వెళ్లి మేస్త్రి ఎదుట కంకర మీద కూర్చుని తల వంచింది. ఏంచెయ్యాలో తోచక ఆయన సీమపనస ముక్క మీది ఈగలు తోలడం మొదలుపెట్టింది.

సొలొమోనా రెండు ముద్దలు మింగాడు.

"ఇవాళ ఏం రోజు పిల్లా? కోడి రోజా, చేప రోజా?"

వెనక కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. బస్సు కూడా అప్పుడే రావాలా.

"కోడి" అంది. తర్వాత ఇంకా సన్నగా, "సిమెంటు తగ్గించలేకపోయాను. నాయనమ్మ గది పోతుందని మిమ్మల్ని తగ్గించాను."

"గట్టిగా చెప్పు. బస్సు చప్పుడులో వినపడలేదు."

ఆమె గట్టిగా చెప్పింది. బస్సులో వాళ్లకూ వినబడింది.

మేస్త్రి మూట మడిచి పక్కన పెట్టాడు. పళ్లెం దగ్గరికి లాక్కుని కోడికాలు అందుకున్నాడు.

"రాసుకో పిల్లా. ఒక కాలు."

ఆ రోజు నుంచి ఆయన మళ్లీ మూట తేలేదు. మలాకాయి పెద్ద పందిని అమ్మి కోళ్లు కొన్నాడు, సాయంత్రాలు బన్నూ పెట్టారు. కానీ "రాసుకో పిల్లా" అన్న మాట ఊరంతా పాకింది. దుకాణంలో ఉప్పు అడిగినా, చర్చి మెట్ల మీదా ఎవరో ఒకరు అనేవాళ్లు.

గది పూర్తయిన రోజు విందు పెట్టారు. సొలొమోనా అందరి ముందూ పంది తొడ ఎత్తి, "టెలేసియా, ఇది ఏ పద్దులోకి?" అన్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. తండ్రి కూడా నవ్వాడు. టెలేసియా ముఖం పొయ్యిలో రాయిలా కాలింది.

"ఇటు రావే" అని కొత్త గదిలోంచి నాయనమ్మ పిలిచింది. "దీనికి తలుపుంది."

టెలేసియా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తడి సిమెంటు వాసన వస్తున్న నేల మీద, నాయనమ్మ పక్కన, నవ్వులు ఆగేదాకా కూర్చుంది.