మత్తు తర్వాత పొద్దు

ఆ బేకరీ ఆవిడ ఏనాడూ అలారం పెట్టుకుని ఎరగదు. తెల్లవారకముందే మెలకువ వచ్చేసేది. అలాంటిది, పట్టపగలు మత్తిచ్చి గాల్‌బ్లాడర్‌లో రాళ్లకి ఆపరేషన్ చేశాక ఆవిడ దినచర్య తలకిందులైంది. ఇంటికొచ్చినా ఎండ నడినెత్తికెక్కేదాకా లేవలేకపోతోంది. అందరూ పడుకునే వేళకి ఆకలేస్తోంది.

"మందుల నీరసం వదినా," అన్నాడు మరిది.

ఆవిడకి ఆ సమాధానం సరిపోలేదు. కుట్లు చూపించుకోడానికి వెళ్లినప్పుడు మత్తు డాక్టరమ్మను వెతికి పట్టుకుని అడిగింది.

"నేను పడుకున్నా లోపల ఏదో టైము చూస్తూనే ఉండేదమ్మా. ఆ రోజు అది కూడా పడుకుందా?"

డాక్టరమ్మ నవ్వి కుర్చీ లాక్కుంది. "ఇంచుమించు అంతే. మామూలు నిద్రలో ఒంట్లో గడియారం నడుస్తూనే ఉంటుంది. పగలు ఇచ్చిన మత్తు దాన్ని వెనక్కి నెట్టొచ్చు, అంటే కొన్ని గంటలు ఆలస్యంగా నడిచేలా చెయ్యొచ్చు. మీకూ అదే జరిగిందని ఖాయంగా చెప్పలేను గానీ, పొద్దుటి వెలుతురు కంట్లో పడితే ఆ గడియారం మళ్లీ సర్దుకుంటుంది. పొద్దున్నే ఎండలో కూర్చుని చూడండి."

మర్నాటి నుంచి మరిది ఆవిడని బలవంతాన లేపి వాకిట్లో కుర్చీ వేసేవాడు. ఆవిడ కళ్లు నులుముకుంటూ కూర్చుని, ఒంట్లో ఏం మారుతోందా అని గమనించేది. మొదట ఆకలి దారికొచ్చింది, ఆ తర్వాత నిద్ర. ఒక వేకువన తనంతట తనే లేచి బేకరీకి వెళ్లింది.

"వెలుతురు కంట్లోంచి ఆ గడియారం దాకా ఎలా వెళ్తుందో డాక్టరమ్మని అడగడం మర్చిపోయాను," అంది, పిండి కలుపుతున్న మరిదితో.