పదకొండు భక్ష్యాలు

నేను తీపి తింటానని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్లకు వండుతున్నాను. పరంజ్యోతి చేతి భక్ష్యాలు, అదే బొబ్బట్లు, లేకపోతే జనం ముహూర్తమే మార్చుకుంటారట. ఆ మాట పుట్టించింది నేనేననుకోండి. షుగరు వచ్చి ఆరేళ్లయింది. వండేటప్పుడు రుచి చూస్తాను గానీ, తినను. రుచి చూడడం వేరు, తినడం వేరు.

మూడు నెలలకోసారి నంద్యాల పోయి రక్తపరీక్ష చేయించుకుంటాను. అంతకు మూడు రోజుల ముందునుంచి కొర్రన్నం, కాకరకాయ తప్ప ఏదీ ముట్టను. పరీక్ష చక్కగా వస్తుంది, డాక్టరు మెచ్చుకుంటాడు. ఆ సంతోషంలో బస్టాండు దగ్గర రెండు జిలేబీలు తింటాను. పండగపూట తిన్నట్టే కదా, అవి లెక్కలోకి రావు.

ఈసారి మాత్రం కథ అడ్డం తిరిగింది. పెనం జారిపడి కాలి బొటనవేలు తెగింది, రెండు నెలలైనా పుండు మానలేదు. డాక్టరుకు అనుమానం వచ్చి, మూడు నెలల బాగోతమంతా ఒకేసారి బయటపెట్టే పరీక్ష రాశాడు.

“ఏం తింటున్నారమ్మా?” అన్నాడు కాగితం చూసి.

“కొర్రన్నం సార్.”

“ఏడు లోపల ఉండాల్సింది పది దాటింది. నెలలో పుండు దారికి రాకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది.”

పక్కనే ఉన్న నా కూతురు సౌజన్య కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు మాత్రం కోపం ముంచుకొచ్చింది. మిషను మీద, డాక్టరు మీద, పెనం మీద కూడా.

తిరుగు బస్సులో రామానుజం స్వామి కనిపించాడు. అహోబిలం గుడిలో నైవేద్యం వండే పెద్దాయన. నా గోడంతా ఆయన ముందు వెళ్లబోసుకున్నాను.

“ఆ మిషన్లన్నీ తప్పులే స్వామీ. నేను రుచి చూస్తా, అంతే. చూడకుంటే వంటెట్ల కుదురుతాది?”

ఆయన నవ్వాడు. “నలభై ఏండ్లుగా వండుతాండా తల్లీ. దేవునికి పెట్టేది ముందుగా నోట్లో ఏసుకోగూడదు గదా. ఒక్కనాడు గూడా రుచి చూడలే. అయినా చక్కెర పొంగలి ఎన్నడూ చెడింది లేదు.”

బస్సు శిరివెళ్ల దాటింది. మొన్నటి పెళ్లి గుర్తొచ్చింది. పూర్ణం వేడిమీద ఒక ముద్ద, చల్లారాక ఒకటి. మొదటి వాయి భక్ష్యం, నెయ్యేసి ఒకటి, నెయ్యి లేకుండా ఒకటి, వాయి మారినప్పుడల్లా ఒకటి, చివరిది మిగిలిపోతుందని ఒకటి. వేళ్లమీద లెక్కపెట్టాను. వేళ్లు చాలలేదు.

“పాపా, పదకొండు” అన్నాను సిగ్గుపడుతూ, పక్కన కూర్చున్న సౌజన్యతో.

“ఏందిమా పదకొండు?”

“మొన్న నేను తిన్న భక్ష్యాలు. పూర్ణం ముద్దలు గాకుండా.”

సౌజన్య నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. ఆ వెంటనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఇన్నాళ్లకు చెప్పినావు మా!”

ఆ వారమే శిరివెళ్లలో పెళ్లి వంట. నోటికి తాళం వేసుకున్నాను. బెల్లం పాకం వాసనకు నా చెయ్యి దానంతటదే గరిటె మీదికి పోయేది. ఛీ, పో అని నా చేతిని నేనే కొట్టుకున్నాను. పూర్ణం దించాక సౌజన్యను పిలిచాను.

“నువ్వు తిని చెప్పు. నిజం చెప్పు.”

తినింది. “ఎప్పటి మాదిరే ఉంది మా.”

“రవ్వంతన్నా తేడా లేదా?”

“ఏం తేడా లేదు.”

నిజం చెప్పొద్దూ, నాకు ఉక్రోషం వచ్చింది. ఇరవై రెండేళ్లు నేను రుచి చూసిందంతా వంటకోసం కాదన్నమాట! కాసేపటికి నవ్వాగలేదు. పొయ్యి దగ్గర ఒక్కదాన్నే నవ్వుతుంటే పెళ్లివాళ్లు పొగ సోకిందనుకున్నారు.

నెల తిరిగేసరికి పుండు ఎండింది. డాక్టరు వేలు అటూ ఇటూ తిప్పి చూసి, ఇక తీసే పని లేదన్నాడు. ఆ ఊరటకు నా కళ్లు చెమ్మగిల్లాయి.

“ఏం తింటున్నారమ్మా?” అన్నాడు మళ్లీ.

ఈసారి మూడు రోజుల కాకరకాయ వ్రతం చేయలేదు. తిన్నవన్నీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను. చివరిదాని దగ్గర గొంతు కొంచెం తగ్గింది.

“పోయిన ఆదివారం ఒక భక్ష్యం తిన్నా సార్. రుచి చూసేదానికి గాదు. తినబుద్ధయి తిన్నా.”