గ్లాసు మోగించే మనిషి

నాటకం మొదలైపోయింది. పానకాలు ఎడమచెయ్యి సౌండు మీట మీద ఉంది, కుడిచేతిలో చెంచా, ఎదురుగా స్టీలు గ్లాసు. టీవీలో ఎవరైనా నోరు పారేసుకోబోతే మీట తగ్గించడం, మైకు దగ్గర గ్లాసుని టింగుమనిపించడం, మళ్ళీ మీట పెంచడం. బ్రాడీపేటలో పురుగుమందుల కొట్టు మీద కేబుల్ టీవీ వాళ్ళ గదిలో కూర్చుని, ఆ మందుల వాసన పీలుస్తూ అతను వెలగబెట్టే ఉద్యోగం ఇదే.

రాత్రి వేసిన క్యాసెట్టునే కేబుల్‌వాళ్ళు మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు. అప్పుడు చూసేది ఆడవాళ్ళూ పిల్లలూ. "ఒక్క తిట్టు జారినా నువ్వు ఇంటికే" అన్నాడు ఓనరు అంకారావు. గ్లాసు ఉపాయం మాత్రం పానకాలుదే. ఇప్పుడు పేటలో పిల్లలు కొట్టుకున్నా, టింగ్ అనే తిట్టుకుంటున్నారు.

పానకాలు వీపు వంగిపోయింది. మూతపడ్డ సినిమాహాల్లో ప్రొజెక్టరు తిప్పినన్నాళ్ళూ ఆ వెలుగు చూసీ చూసీ కళ్ళు ఎర్రబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

ఇవాళ్టి క్యాసెట్టు పర్చూరు పోటీల్లో తీసిన నాటకం. అందులో పత్తిరైతు వేషం బుడేది. మిర్చి యార్డులో బస్తాలు మోసి, ఆ ఘాటుకి ఊపిరితిత్తులు పాడై మంచం పట్టిన బుడే, పానకాలు చిన్ననాటి నేస్తం. రాత్రి డాక్టరిచ్చిన మందు మత్తులో పడి తన నాటకం తనే చూసుకోలేదు. అందుకని పొద్దున్నే పానకాలు ఓనరుకి చెప్పకుండా అతనింటికి వైరు లాగి, పక్కింటి టీవీ తెచ్చి మంచం ముందు పెట్టాడు.

"ఒరేయ్ పానకాలూ" అన్నాడు బుడే అప్పుడు, ఆయాసపడుతూ. "ఆఖర్న దళారీని తిట్టిన తిట్టుకి జనం లేచి చప్పట్లు కొట్టార్రా. దాన్నొక్కదాన్ని వదిలెయ్యరా. నా నోరు నువ్వే నొక్కితే ఎట్టారా?"

"వదుల్తాలేరా."

ఆ తిట్టేమిటో ఇక్కడ రాస్తే ఈ కథకీ గ్లాసు కొట్టాల్సి వస్తుంది.

నాటకం పొడుగునా టింగులే. పానకాలు మణికట్టు లాగేస్తోంది. ఆఖరి రంగం వచ్చింది. చెంచా కింద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు. తెరమీద బుడే తువ్వాలు దులిపి, ఛాతీనిండా గాలి పీల్చాడు.

ఆ ఊపిరి చప్పుడు వినపడగానే చేతులు వాటంతటవే లేచాయి. మీట తగ్గింది, గ్లాసు మోగింది. ఏం చేశాడో తర్వాత గానీ పానకాలుకి తెలియలేదు. తన చేతులు చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

క్షమించమని అడుగుదామని బుడే ఇంటికి నడిచాడు. వాకిట్లో జనం ఉన్నారు. లోపల బుడే మొహంమీదికి దుప్పటి లాగి ఉంది. టీవీ ఇంకా ఆపలేదు.

"నవ్వుతానే ఉన్నాడన్నయ్యా" అంది అతని భార్య కరీమున్, గోడకి చేరగిలబడి. "నువ్వు టింగుమనిపించినప్పుడల్లా ఆ తిట్టు తనే తిట్టాడు. ఇల్లంతా ఒకటే నవ్వులు. ఆఖరి టింగుకి... ఏం పలకలేదు."

పానకాలు లోపలికి వెళ్ళాడు. మంచం పక్కన కూలబడ్డాడు. దుప్పటి కాస్త తొలగించి, బుడే చెవి దగ్గర ఆ ఆఖరి తిట్టుని, ఒక్క అక్షరం మింగకుండా, జన్మలో మొదటిసారి, గట్టిగా తిట్టాడు. వాకిట్లో జనం ఉలిక్కిపడ్డారు. కరీమున్ భోరుమంది.

మంచం కింద స్టీలు గ్లాసు ఉంది, అందులో మందు చెంచా. దాన్నెవరూ మోగించలేదు.